ఎర్రనీళ్లు రాకముందే

జూన్ నెలాఖరుకో జులై మొదట్లోనో ఒక పొద్దున గోదావరి రంగు మారిపోతుంది. ముందురోజు సాయంత్రం దాకా అడుగు ఇసక కనిపించిన ఏరు తెల్లారేసరికి మట్టి కలిపిన కుండలా ఉంటుంది. ‘ఎర్రనీళ్లొచ్చేశాయ్’ అనుకుంటారు రేవులో. లంకల్లో మేస్తున్న పశువులను గట్టుకు తోలుకొస్తారు, పడవలను పైకి లాగి కట్టేస్తారు. ఎగువన ప్రాణహితలో, ఇంద్రావతిలో, శబరిలో పడ్డ వానకు ఎవరి క్యాలెండరుతోనూ పనిలేదు. గోదావరి మీద కట్టే ఏ కట్టడానికైనా అసలు గడువు ఈ ఎర్రనీళ్లే. కాగితం మీద మార్చి 31 అని రాసుకున్నా, ఆగస్టు 15 అని రాసుకున్నా, ఆ తేదీలు మనం పెట్టుకున్నవి. ఇది ఏరు పెట్టింది.

పోలవరాన్ని మనం ఒక ప్రాజెక్టు అంటాం గానీ అది ఒక ప్రాజెక్టు కాదు. 48 గేట్ల స్పిల్‌వే ఒకటి, నది అడుగున డయాఫ్రమ్ వాల్ ఒకటి, ఎగువ కాఫర్ డ్యామ్, దిగువ కాఫర్ డ్యామ్, నదికి అడ్డంగా మట్టీ రాయీ పోసి కట్టే ప్రధాన డ్యామ్, కుడి కాలువ, ఎడమ కాలువ, 960 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉన్నాయి. వీటన్నిటి పక్కన, ఇంజనీర్ల చేతిలో లేని మరో పెద్ద ప్రాజెక్టు ఉంది: ముంపు ఊళ్లను ఖాళీ చేయించి నిర్వాసితులను కొత్త కాలనీలకు చేర్చడం. ఒక్కోదానికి వేరే కాంట్రాక్టరు, వేరే శాఖ, వేరే బడ్జెట్ పద్దు ఉండొచ్చు. ఇలాంటి ప్రాజెక్టుల కట్టను ప్రోగ్రామ్ అంటారు. ఒక ప్రాజెక్టును గడువులో పెట్టడానికి వాడే లెక్క, కట్ట మొత్తానికి సరిపోదు. ఎందుకు సరిపోదో చూడాలంటే ముందు ఆ చిన్న లెక్క చూడాలి.

ఒక ఊరికి మంచినీళ్ల పథకం అనుకుందాం. ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టడానికి 9 నెలలు పడుతుంది. పునాది తీయాలి, స్తంభాలు లేపాలి, కాంక్రీటు పోసిన ప్రతిసారీ నీళ్లు పెట్టి ఆగాలి. చెరువు దగ్గర పంపుహౌసుకు 5 నెలలు, ఆ గది లేచాక ప్యానెల్ బోర్డు బిగించి కరెంటు లైను లాగడానికి మరో 3. పైపులైనుకు 6 నెలలు. మూడూ కలిశాక ఒక నెల ట్రయల్ రన్. అంటే నీళ్లొచ్చేది 10 నెలలకు. ట్యాంకు ఒక్కరోజు ఆలస్యమైతే నీళ్లూ ఒక్కరోజు ఆలస్యం. పంపుహౌసు, కరెంటు కలిపి 8 నెలలే గనక వాటికి ఒక నెల వెసులుబాటు ఉంది. పైపులైనుకు మూడు నెలల వెసులుబాటు. ఇంగ్లీషువాళ్లు ఫ్లోట్ అనేది ఈ వెసులుబాటునే. అది బొత్తిగా లేని పనుల వరసే క్రిటికల్ పాత్.

ఈ లెక్కను 1950ల చివర్లో అమెరికాలో రెండు చోట్ల దాదాపు ఒకేసారి కనిపెట్టారు. డ్యూపాంట్ రసాయనాల కంపెనీలో మోర్గన్ వాకర్, రెమింగ్టన్ ర్యాండ్ నుంచి వచ్చిన జేమ్స్ కెల్లీ, యూనివాక్ కంప్యూటరు మీద ఫ్యాక్టరీ పనుల వరసలను లెక్కగట్టారు. అదే సమయంలో అమెరికా నౌకాదళం, జలాంతర్గామి నుంచి పేల్చే పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే పద్ధతిని తయారు చేయించింది. అందులో ఒక్కో పనికి మూడు అంచనాలు వేస్తారు: అన్నీ కలిసొస్తే ఎన్నాళ్లు, మామూలుగా ఎన్నాళ్లు, అన్నీ ఎదురు తిరిగితే ఎన్నాళ్లు. 1960 జులై 20న జార్జ్ వాషింగ్టన్ అనే జలాంతర్గామి నీళ్లలోంచే పొలారిస్‌ను ప్రయోగించింది. పెర్ట్ పేరు ప్రపంచమంతా మోగిపోయింది. తర్వాత ఆ కార్యక్రమం చరిత్ర రాసిన హార్వీ సపోల్‌స్కీ ఒక చేదు మాట చెప్పాడు. పెర్ట్ అక్కడ పనిని నడిపించినదానికన్నా, పైవాళ్లు వచ్చి వేలు పెట్టకుండా కాపాడిందే ఎక్కువట. గోడ నిండా రంగు రంగుల చార్టులుంటే వచ్చిన పెద్దమనిషి తల ఊపి వెళ్లిపోతాడు. మన రివ్యూ మీటింగులు చూసినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఊరి పథకానికే మళ్లీ వద్దాం. కరెంటు శాఖ పంపిన డిమాండ్ నోటీసు మీద డబ్బు కట్టడం రెండు నెలలు ఆలస్యమైందనుకోండి. ఫైలు ఎక్కడో టేబుల్ మీద ఉంది. ఇప్పుడు ఆ దారి 5, 2, 3 కలిపి 10 నెలలైంది. ట్రయల్ రన్‌తో 11. అప్పటిదాకా అందరి కళ్లూ ట్యాంకు మీదే ఉన్నాయి, అది పైకి లేస్తూ కనిపిస్తోంది గనక. క్రిటికల్ పాత్ మాత్రం చప్పుడు చేయకుండా ట్యాంకు దిగి కరెంటు తీగ ఎక్కింది. ట్యాంకుకు ఇప్పుడు ఒక నెల వెసులుబాటు. ఈ పథకంలో కీలక మైలురాయి పంపుహౌసు ప్రారంభోత్సవం కాదు, డిమాండ్ నోటీసు డబ్బు కట్టిన రోజు. ఆ రోజు ఎవరూ ఫొటో దిగరు.

మైలురాయి అన్న మాటలోనే ఒక చిక్కుంది. రోడ్డు పక్కన రాయి, మనం వచ్చినా రాకపోయినా అక్కడే ఉంటుంది. ప్రాజెక్టు మైలురాయి అలా కాదు. దానికి నిడివి లేదు, అది ఒక క్షణం: అప్పటిదాకా లేనిది ఆ క్షణం నుంచి ఉంటుంది. అయినా చార్టు వేసేవాళ్లు రోడ్డు పక్కన రాళ్లు పాతినట్టు సమాన దూరాల్లో పాతుతారు: 25 శాతం, 50 శాతం, 75 శాతం. బిల్లులు పెట్టుకోవడానికి అవి పనికొస్తాయి, కాదనను. కానీ ట్యాంకు 75 శాతం అయితే పైపులైనువాడికి ఒరిగేదేముంది? ముప్పాతిక ట్యాంకులో నీళ్లు నిలవవు.

చాలా ఏళ్ల క్రితం ఒక మధ్యతరహా ప్రాజెక్టు రివ్యూలో వెనక కుర్చీలో కూర్చునే అవకాశం వచ్చింది నాకు. అట్టంత పెద్ద కాగితం మీద పనులన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. గేట్ల తయారీ నూరు శాతం. సివిల్ పని తొంభై పైన. ఎస్‌ఈ గారు సంతోషంగానే ఉన్నారు. ‘అయితే వచ్చే నెల గేట్లు దించేద్దాం’ అన్నారు. వెనక నుంచి ఒక కుర్ర ఏఈ లేచి, ‘సార్, గేట్లు వచ్చాయండి. దించే క్రేను లోపలికి రావడానికి దారి లేదండి’ అన్నాడు. అప్రోచ్ రోడ్డు వేరే ప్యాకేజీలో ఉంది. ఆ ప్యాకేజీ చార్టులోనూ అది ఆకుపచ్చగానే ఉంది, ఎందుకంటే వాళ్ల గడువు ఇంకా ఆరు నెలలుంది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. రెండు చార్టుల మధ్య ఉన్న ఖాళీ ఎవరి చార్టులోనూ లేదు, అంతే.

పెద్ద ప్రోగ్రామ్‌లో కీలక మైలురాళ్లు వెతకాల్సిన చోటు ఈ ఖాళీయే. ఒక ప్రాజెక్టు కడుపులో జరిగే పనుల్లో ఆలస్యం వస్తే ఆ ప్రాజెక్టు మేనేజరు ఎలాగో సర్దుకుంటాడు. రాత్రి షిఫ్టు పెడతాడు, మరో మిషను తెప్పిస్తాడు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పడాల్సినదైతే ఎవరూ ఒంటరిగా సర్దుకోలేరు. అందుకే ప్రోగ్రామ్ షెడ్యూలు వేసేవాళ్లు, వేలాది పనులున్న కింది చార్టులను అలాగే వదిలేసి, పైన ఒక చిన్న చార్టు వేరుగా గీస్తారు. అందులో ఈ చేతులు మారే క్షణాలే ఉంటాయి: ఎవరు ఇస్తారు, ఎవరు పుచ్చుకుంటారు, ఏ తేదీకి, ఏ స్థితిలో. వేలల్లో ఉన్న పనులు పదుల్లోకి దిగుతాయి.

ఇందులో నాలుగోది, అంటే ఏ స్థితిలో అన్నది, మిగతా మూడింటికన్నా బరువైనది. దాన్ని ఎవరి మాటల్లో రాశారన్నదే అసలు సంగతి.

పోలవరమే చూడండి. అక్కడ స్పిల్‌వే నది మధ్యలో లేదు, కుడిగట్టు వైపు నేల తవ్వి కట్టారు. నదిని అటు మళ్లించి, అసలు పాయకు ఎగువన, దిగువన కాఫర్ డ్యాములు వేసి, మధ్యలో నీళ్లు తోడేసి, ఆ పొడి జాగాలో ప్రధాన డ్యామ్ కట్టాలి. డ్యామ్ కింద ఇసకలోంచి నీరు ఊరకుండా అడుగున కాంక్రీటు గోడ ఉండాలి. డయాఫ్రమ్ వాల్ అంటే అదే. ఆ గోడ 2018లో పూర్తయింది. ప్రధాన డ్యామ్ దగ్గర దాని పొడవు దాదాపు 1,400 మీటర్లు. గోడ కట్టిన ప్రాజెక్టు దృష్టిలో అది నూరు శాతం, మైలురాయి దాటేశారు. కానీ కాఫర్ డ్యాములు మూసుకోలేదు, వాటిలో ఖాళీలు ఉండిపోయాయి. వెడల్పుగా పారాల్సిన నది వరద రోజుల్లో ఆ ఇరుకు ఖాళీల్లోంచి విసురుగా దూకి, అడుగు ఇసకను పెద్ద పెద్ద గుంటలుగా కోసేసింది. గోడ కొన్ని చోట్ల దెబ్బతింది. నది పూర్తిగా స్పిల్‌వే వైపు మళ్లింది 2021 జూన్‌లో.

తప్పు ఏ ప్రభుత్వానిదన్న వాదన ఇన్నేళ్లుగా రాజకీయ వేదికల మీద నడుస్తూనే ఉంది. నేను అందులోకి పోను. షెడ్యూలు చదివేవాడికి కావలసింది ఇంకోటి: ఖాళీలు మూయడం మట్టి పోసే పని మాత్రమే కాదు. ఎగువ కాఫర్ డ్యామ్ మూస్తే వరద వెనక్కి ఎగదన్ని దేవీపట్నం మండలం లాంటి చోట్ల ఊళ్లలోకి వస్తుంది. కాబట్టి 41.15 మీటర్ల కాంటూరు లోపలున్న కుటుంబాలను ముందే తరలించాలి. రిజర్వాయరు పూర్తి మట్టం 45.72 మీటర్లు. అక్కడిదాకా నింపడానికి ఇంకా చాలా ఊళ్లు లేవాలి. అంటే కాఫర్ డ్యామ్‌కు సంబంధించిన మైలురాయి ఒకటి జలవనరుల శాఖ చార్టులో కాదు, పునరావాసం చూసేవాళ్ల చార్టులో ఉంది.

అక్కడ దాన్ని ఎలా రాయొచ్చు? ‘కాలనీలో ఇళ్లు 90 శాతం పూర్తి’ అని రాయొచ్చు. ఇల్లు కట్టించేవాడికి అది గొప్ప సంగతే. కాఫర్ డ్యామ్ ఇంజనీరుకు మాత్రం 90 శాతం అన్నా సున్నా అన్నా ఒకటే. పది ఇళ్లలో మనుషులున్నా ఆ ఊరు ముంచడానికి లేదు. అతనికి కావలసిన మాట ‘ఆఖరి కుటుంబం ఊరు విడిచింది’ అన్నది. ఆ మాట వెనక పరిహారం జమ కావాలి, కాలనీలో నీళ్లూ కరెంటూ రావాలి, పిల్లలకు బడి ఉండాలి, తాతల నాటి చింతచెట్టు కింద నుంచి ఒక ముసలాయన లేవడానికి ఒప్పుకోవాలి. వీటిలో కాంక్రీటుతో అయ్యేవి సగమే. మైలురాయిని ఇచ్చేవాడు రాస్తే శాతాలొస్తాయి. పుచ్చుకునేవాడు రాస్తే ‘ఇది ఉంటే నేను మొదలుపెట్టగలను, లేకపోతే లేదు’ అన్న తేటమాట వస్తుంది. నాకు తెలిసి కీలక మైలురాయిని కనిపెట్టడానికి ఇంతకు మించిన పరీక్ష లేదు: ఆ వాక్యాన్ని పుచ్చుకునేవాడి చేత రాయించండి.

రాయించినా ఇంకో గండం ఉంది, అది లెక్కల్లోంచే వస్తుంది. ఐదు ప్రాజెక్టులు ఒక చోట కలవాలి. ఒక్కోటి సమయానికి రావడానికి నూటికి తొంభై పాళ్లు అవకాశం ఉంది. మొత్తం సమయానికి మొదలవడానికి ఎంత అవకాశం? చాలామంది తొంభై అంటారు, మరీ జాగ్రత్తపరులు ఎనభై అంటారు. తొంభై శాతాన్ని ఐదుసార్లు హెచ్చవేస్తే వచ్చేది 59. పది ప్రాజెక్టులు కలవాల్సి ఉంటే 35. పెళ్లికి అందరూ ‘టైముకొచ్చేస్తాం’ అనే చెబుతారు, అయినా భోజనాలు లేటవుతాయి. ఎవరో ఒక్కరు రాకపోతే చాలు గదా. ముందొచ్చినవాడి తొందర వెనకపడ్డవాడి ఆలస్యాన్ని తీర్చదు. పైగా ఈ హెచ్చవేత, ఎవరి ఆలస్యం వారిదే అనుకుని వేసింది. అదే వాన అందరి మీదా పడే చోట ఈ అంకె మారుతుంది. ఒకరు ఆగితే తక్కినవాళ్లూ ఆగుతారు. ఏదేమైనా, ఎక్కువ దారులు వచ్చి కలిసే ముడి దగ్గర, ఏ ఒక్క దారీ ఎర్రగా లేకపోయినా, ముడి ఎర్రగా ఉండొచ్చు. ఎర్రరంగు వెతికేవాడికి అది కనిపించదు. చార్టులో ఆ ముడిలోకి వచ్చే బాణాలు లెక్కపెట్టేవాడికి కనిపిస్తుంది.

లండన్ దీనికి గట్టి సాక్ష్యం. నగరం అడుగున తూర్పు పడమరలుగా కొత్త రైలు మార్గం వేసే క్రాస్‌రైల్ పనులు 2009లో మొదలయ్యాయి. ఎనిమిది సొరంగ యంత్రాలు, 42 కిలోమీటర్ల సొరంగాలు. యంత్రాలకు ముద్దుగా ఎలిజబెత్, విక్టోరియా, ఎడా అంటూ పేర్లు పెట్టుకున్నారు. పాత మెట్రో గొట్టాలకూ, భవనాల పునాదులకూ మధ్య సందుల్లోంచి తవ్వుకుంటూ పోయి 2015లో సొరంగాలు ముగించారు. ప్రధానమంత్రి వచ్చి చూసి వెళ్లారు. కష్టమైన పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. 2018 డిసెంబరులో రైలు నడుస్తుందని నగరమంతా ప్రకటనలు. ఆ గడువుకు ఇంకో నాలుగు నెలలైనా లేవనగా, ఆగస్టు 31న, ఆలస్యమవుతుందన్న కబురు చెప్పారు. అప్పుడు చెప్పిన కొత్త గడువు మరుసటేడు శరదృతువు. నిజంగా రైలు నడిచింది 2022 మే 24న. 2010లో 1,480 కోట్ల పౌండ్లుగా కట్టిన బడ్జెట్టు 1,880 కోట్లు దాటింది. సొరంగం కనిపించే కష్టం, అందుకే అందరూ దాన్నే చూశారు. కనిపించనిది దాని తర్వాత ఉంది.

ఆ మార్గంలో నడిచే రైలు దారిలో మూడు రకాల సిగ్నలింగ్ వ్యవస్థలను దాటాలి. ఒక దాంట్లోంచి మరో దాంట్లోకి నడుస్తూ నడుస్తూనే మారాలి. రైలు తయారుచేసింది ఒక కంపెనీ, సొరంగంలో సిగ్నళ్లు మరో కంపెనీవి, స్టేషన్లు ఇంకెందరివో. ప్రధాన కాంట్రాక్టులే 36. అన్నీ కలిసి పనిచేస్తాయో లేదో తెలియాలంటే రైలును సొరంగంలో నెలల తరబడి నడిపి చూడాలి. నడపాలంటే సొరంగం ఖాళీగా ఉండాలి. స్టేషన్లు కట్టేవాళ్లకేమో అదే సొరంగంలో ఇంకా పనుంది. ఉన్న గంటలు కొన్నే, వాటి కోసం ఇద్దరు పోటీ. 2017 నవంబరులో పుడ్డింగ్ మిల్ లేన్ దగ్గర కరెంటు పరికరం ఒకటి పేలడంతో పరీక్షలు ఇంకా వెనకపడ్డాయి. ఆలస్యం పెరిగిన కొద్దీ పరీక్షలకు ఉంచిన వ్యవధిని కుదించారే గానీ డిసెంబరు తేదీని కదపలేదు. బ్రిటన్ ఆడిట్ కార్యాలయం 2019 మేలో ఇచ్చిన నివేదికలో ఈ కుదింపును వేలెత్తి చూపింది. కాంట్రాక్టులన్నీ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయో చూపే వివరమైన ప్రణాళిక లేదనీ అంది.

ఊరి పథకంలో మనం ఒక నెల ట్రయల్ రన్ వేసుకున్నాం కదా, సరిగ్గా దాన్నే లండన్‌వాళ్లు కోశారు. ట్రయల్ అన్నది ఎప్పుడూ చివరే ఉంటుంది, అందుకే ముందువాళ్లందరి ఆలస్యమూ దాని మీదే పడుతుంది. చివరికి 2021 మే 10న పూర్తిస్థాయి ట్రయల్ రన్నింగ్ మొదలైంది. దాని తర్వాత ఇంకో ఏడాది పరీక్షించాకే ప్రయాణికులను ఎక్కించుకున్నారు. ఒక స్టేషను, బాండ్ స్ట్రీట్, అప్పటికీ సిద్ధం కాలేదు. దాన్ని తలుపులు మూసే వదిలేసి, రైళ్లు ఆగకుండా పోయేలా మార్గం తెరిచారు. ఈ నిర్ణయం నాకు నచ్చుతుంది. పది స్టేషన్లూ ఉంటేనే రైలు అన్న షరతును తీసేస్తే ముడిలోకి వచ్చే బాణం ఒకటి తగ్గుతుంది. బాండ్ స్ట్రీట్ ఐదు నెలల తర్వాత, అక్టోబరు 24న తెరుచుకుంది. కొంపేమీ మునగలేదు.

వెసులుబాటును ముందే సరైన చోట దాచుకుంటే ఏమవుతుందో మన శ్రీహరికోటలోనే చూశాం. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ప్రయోగాన్ని, ఇంకా 56 నిమిషాల 24 సెకన్లుందనగా ఆపేశారు. రాకెట్టు లేచింది 22న, వారం ఆలస్యం. దిగాల్సిన తేదీ మాత్రం సెప్టెంబరు మొదటి వారం నుంచి కదల్లేదు. ఎందుకంటే ఆ తేదీ పెట్టింది ఇస్రో కాదు, చంద్రుడు. దిగే చోట పొద్దు పొడిచిన వెంటనే దిగితేనే దాదాపు 14 రోజుల పగలు దొరుకుతుంది. సౌరఫలకాల మీద బతికే ల్యాండరుకు ఆయుష్షు అంతే. వారం ఎక్కడ మింగారు? చంద్రుడి చుట్టూ 28 రోజులు తిరగాలనుకున్నది 13కు తగ్గించుకున్నారు. కదలని మైలురాయికి ముందు, కదిలించగల రోజులు ఉంచుకున్నారు. ఆఖరి నిమిషాల్లో ల్యాండరుతో సంబంధం తెగిపోవడం వేరే కథ, దానికీ షెడ్యూలుకూ లంకె లేదు.

చంద్రుడి మీద పొద్దు పొడవడం, గోదావరిలో ఎర్రనీళ్లు రావడం ఒక జాతి. చార్టులో ఇలాంటివాటిని ముందు పాతి, అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. ముందునుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్లేవాడు, పని ఎప్పటికి అవుతుందో తెలుసుకుంటాడు. వెనకనుంచి వచ్చేవాడు, ఏ రోజు దాటితే ఒక ఏడాది మొత్తం పోతుందో తెలుసుకుంటాడు. గోదావరి పాయలో చేసే పని మే చివర్లో పదిరోజులు వెనకపడితే, అది పదిరోజుల ఆలస్యం కాదు. వరద వచ్చి, పోయి, గుంటలు ఆరి, మళ్లీ మిషన్లు దిగేసరికి నవంబరో డిసెంబరో. పదిరోజులకు ఆరునెలల వడ్డీ.

2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు చూపించినప్పుడు పోలవరం ఎగువ కాఫర్ డ్యామ్ మీద మనుషులు రాత్రింబవళ్లు మట్టీ ఇసక బస్తాలూ వేసి ఎత్తు పెంచారు. అది చార్టులో లేని పని. 2025 జనవరిలో, దెబ్బతిన్న గోడకు సమాంతరంగా కొత్త డయాఫ్రమ్ వాల్ మొదలుపెట్టారు. ఈసారి నది స్పిల్‌వే వైపు పారుతోంది. గోడకు ఎగువనా దిగువనా కాఫర్ డ్యాములు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య గుంటలోకి ఇసకలోంచి ఊట వస్తూనే ఉంటుంది, మోటార్లు తోడుతూనే ఉండాలి.